ఆకలి చిరునామా

‘నోరు కట్టేసుకుంటే చాలు, బరువు అదే తగ్గుతుంది’ అంటాం, కాస్త లావుగా ఉన్నవాళ్లను చూసి. ‘కంచం ముందు పెట్టుకుని ఆ తపస్సేంటి, తినవేం?’ అని కసురుకుంటాం, బక్కపల్చని పిల్లల్ని. ఎక్కువ తిన్నా తక్కువ తిన్నా తప్పు మనిషిదే, వాళ్ల మనోనిగ్రహానిదే అని మన నమ్మకం. కానీ ఆకలి పుట్టేదీ, చల్లారేదీ మెదడు అడుగున దాగిన బాదంగింజంత భాగంలో. అక్కడ తలుపు తట్టి చూసిన తొలితరం శాస్త్రవేత్తల్లో ఒకరు మన దేశస్థుడే... డాక్టర్‌ బాల్‌ క్రిషన్‌ ఆనంద్‌.

ఎదురుగా గిన్నె నిండా మేత. పక్కనే నీళ్లు. ఎలుక కళ్లు బాగున్నాయి, పళ్లు బాగున్నాయి. కానీ తినదు. నోట్లో పెట్టినా ఉమ్మేస్తుంది. రోజురోజుకీ చిక్కిపోయి, చివరికి నిండుగా ఉన్న గిన్నె ముందే ప్రాణం విడుస్తుంది!

1951లో అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన ఓ పరిశోధన చెప్పిన వింత ఇది. చేసింది ఇద్దరు... అక్కడి ప్రొఫెసర్‌ జాన్‌ బ్రోబెక్‌, భారత్‌ నుంచి ఫెలోషిప్‌ మీద వెళ్లిన డాక్టర్‌ ఆనంద్‌. మెదడు అడుగున హైపోథాలమస్‌ అనే చిన్న భాగం ఉంటుంది. దాని అంచుల్లోకి సన్నటి తీగ దించి, కరెంటుతో చుక్కంత మేర పనిచేయకుండా చేశారు. ఒక పక్కన మాత్రమే దెబ్బతింటే ఎలుక మామూలుగానే తినేది. రెండు పక్కలా దెబ్బతింటే మాత్రం తిండి సంగతే మరిచిపోయేది. పిల్లుల మీద చేసి చూసినా అదే ఫలితం. ఆ చోటుకు వాళ్లు పెట్టిన పేరు ‘ఫీడింగ్‌ సెంటర్‌’... అంటే ఆకలి కేంద్రం.

అప్పటికి పదకొండేళ్ల ముందే, 1940లో, హెదరింగ్టన్‌, రాన్సన్‌ అనే ఇద్దరు అమెరికన్‌ శాస్త్రవేత్తలు ఇందుకు పూర్తిగా ఎదురైన సంగతి బయటపెట్టారు. హైపోథాలమస్‌ నడిమి భాగం దెబ్బతింటే ఎలుకలు విపరీతంగా లావెక్కిపోతున్నాయని గమనించారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మ పూర్తయింది. నడుమ ఉన్నది ‘ఇక చాలు’ అనే చోటు. పక్కన ఉన్నది ‘తిను’ అనే చోటు. రెంటికీ మధ్య దూరం ఎలుక మెదడులో ఒకటి రెండు మిల్లీమీటర్లు... అంతే!

కడుపులో కాదా?

ఆకలేస్తే మనం చెయ్యి వేసుకునేది కడుపు మీదే కదా. శాస్త్రవేత్తలూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1912లో హార్వర్డ్‌ శాస్త్రవేత్త వాల్టర్‌ కానన్‌ దగ్గర చదివే వాష్‌బర్న్‌ అనే విద్యార్థి ఏకంగా ఓ రబ్బరు బెలూన్‌ను గొట్టంతో సహా మింగేశాడు. జీర్ణాశయం ముడుచుకున్నప్పుడల్లా ఆ కదలిక బయట కాగితం మీద గీతగా నమోదయ్యేది. ఆకలిగా ఉందని అతను చెప్పే సమయానికీ, ఆ గీతలకీ పొంతన కుదిరింది. ఇంకేం, ఆకలంటే కడుపు ముడుచుకోవడమే అని తేల్చేశారు.

కానీ ఒక చిక్కు మిగిలింది. జబ్బు చేసి జీర్ణాశయం మొత్తం తీసేసిన వాళ్లకి కూడా ఆకలి వేస్తోంది. అంటే కడుపు తలుపు గంట లాంటిది మాత్రమే. ఆ గంట విని లేచి వచ్చేవాళ్లు ఇంకెక్కడో ఉన్నారు. ఎక్కడన్నది చూపించినవి 1940, 1951 నాటి ప్రయోగాలే.

లాహోర్‌ నుంచి దిల్లీ దాకా

ఆనంద్‌ 1917లో లాహోర్‌లో పుట్టారు. లఖ్‌నవూలోని కింగ్‌ జార్జ్‌ మెడికల్‌ కాలేజీలో వైద్యం చదివారు. దిల్లీలోని లేడీ హార్డింజ్‌ మెడికల్‌ కాలేజీలో పాఠాలు చెబుతూ రాక్‌ఫెలర్‌ ఫెలోషిప్‌ మీద యేల్‌కు వెళ్లారు. అంత పేరు తెచ్చిన పరిశోధన తర్వాత అక్కడే ఉండిపోలేదు. తిరిగొచ్చి, కొత్తగా ఏర్పడిన ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. మెదడు పనితీరు మీద మన దేశంలో ఆధునిక పరిశోధనకు పునాది వేసిన వ్యక్తిగా ఆయన్ని చెప్పుకొంటారు. 1969లో పద్మశ్రీ అందుకున్నారు. 2007లో కన్నుమూశారు.

దిల్లీలోనూ ఆయన ఆకలిని వదల్లేదు. తిన్న సంగతి మెదడుకు ఎలా తెలుస్తుంది? 1960ల మొదట్లో ఆయన బృందం దీని వెంటపడింది. జంతువుల రక్తంలోకి గ్లూకోజ్‌ ఎక్కించి, ఆ రెండు కేంద్రాల్లోని నాడీకణాల విద్యుత్‌ సంకేతాలను నమోదు చేసింది. గ్లూకోజ్‌ పెరగ్గానే ‘ఇక చాలు’ అనే కేంద్రం చురుకైంది. ‘తిను’ అనే కేంద్రం కాస్త నెమ్మదించింది. నోట్లోకి మెతుకు వెళ్లకపోయినా, రక్తంలో చేరిన చక్కెరను పసిగట్టి మెదడు లెక్కలు మార్చేసుకుందన్నమాట.

ఇదే శాస్త్రవేత్త యోగుల మీదా పరిశోధనలు చేశారు. 4 డిగ్రీల చల్లటి నీళ్లలో ముప్పావుగంటకు పైగా చెయ్యి ఉంచినా చలించని ఇద్దరు యోగుల మెదడు తరంగాలను నమోదు చేశారు. మనోబలం అంటే ఏమిటో పరికరాలతో కొలిచి చూసిన మనిషి అన్నమాట. అలాంటాయన పనే, ఆకలి ఒక్క మనోబలం వ్యవహారం కాదని కూడా తేల్చింది!

స్విచ్‌ కాదు, రసాయనాల వంటిల్లు

ఒక స్విచ్‌ వేస్తే ఆకలి, ఇంకోటి వేస్తే తృప్తి. కథ ఇంత తేలిగ్గా ముగిసిపోతే బాగుండేది. కానీ తర్వాతి పరిశోధనలు దాన్ని చాలా మార్చాయి.

1954లో టైటెల్‌బామ్‌, స్టెల్లర్‌ అనే శాస్త్రవేత్తలు తిండి మానేసిన ఎలుకల్ని చావనివ్వలేదు. గొట్టంతో ఆహారం పట్టిస్తూ, నోరూరించే మెత్తటి పదార్థాలు పెడుతూ పసిపిల్లల్లా సాకారు. కొన్నాళ్లకి అవి మెల్లగా మళ్లీ తినడం మొదలుపెట్టాయి. అంటే ఆకలి ఒకే ఒక్క చోట కాపురం ఉండటం లేదు.

1960లో సెబాస్టియన్‌ గ్రాస్‌మన్‌ మరో అడుగు ముందుకేశాడు. ఎలుక హైపోథాలమస్‌లో ఒకేచోట రెండు రకాల రసాయనాలను వేర్వేరుగా ఉంచి చూశాడు. నార్‌ఎడ్రినలిన్‌ పెడితే కడుపు నిండిన ఎలుక కూడా మళ్లీ తినేది. ఎసిటైల్‌ కోలిన్‌లా పనిచేసే పదార్థం పెడితే తిండి జోలికి పోకుండా నీళ్లు తాగేది! చోటు ఒక్కటే. మారింది రసాయనం. మెదడులో ఏ గది అన్నదే కాదు, ఆ గదిలో ఏ మందు కలుపుతున్నారన్నదీ ముఖ్యమేనని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత డోపమైన్‌ వంతు. 1971లో స్వీడన్‌ శాస్త్రవేత్త ఉంగర్‌స్టెడ్‌, మెదడులో డోపమైన్‌ను మోసుకెళ్లే తీగల్ని మాత్రమే దెబ్బతీశాడు. ఆ ఎలుకలూ తినడం, తాగడం మానేశాయి. ఆ తీగలు వెళ్లేది ఆనంద్‌ చూపించిన చోటు పక్కనుంచే. 1951 నాటి ఎలుకల్లో కణాలతోపాటు ఆ దారిన పోయే తీగలు కూడా తెగి ఉంటాయని అప్పుడు తెలిసింది. అలాగని ఆ చోటు ప్రాముఖ్యం పోలేదు. అక్కడి కణాలకూ ఆకలిలో సొంత పాత్ర ఉందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. 1998లో జపాన్‌ శాస్త్రవేత్తలు సకురాయి, యనగిసావా బృందం కనిపెట్టిన ‘ఒరెక్సిన్‌’ తయారయ్యేది సరిగ్గా అక్కడే. ఆ పేరుకి మూలం, ఆకలి అని అర్థమిచ్చే గ్రీకు మాట.

1995లో అమెరికాలోని సియాటిల్‌లో రిచర్డ్‌ పామిటర్‌ ప్రయోగశాలలో డోపమైన్‌ తయారు కాని చిట్టెలుకలను జన్యుమార్పిడితో పుట్టించారు. అవి మేత పక్కనే కూర్చుని ఆకలితో చనిపోయేవి. పార్కిన్సన్స్‌ రోగులకు ఇచ్చే ఎల్‌-డోపా మందు వేస్తే లేచి తినేవి. మందు ప్రభావం తగ్గితే మళ్లీ మామూలే.

ఇష్టం వేరు... కావాలనిపించడం వేరు

అయితే వాటికి తిండి రుచించడం లేదా? మిషిగన్‌ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్‌ బెరిడ్జ్‌ 1980ల చివర్లో ఇదే చూశాడు. డోపమైన్‌ లేని ఎలుకల నాలుక మీద తీపి చుక్క వేస్తే అవి మామూలు ఎలుకల్లాగే చప్పరించాయి. చేదు తగిలితే మొహం చిట్లించాయి. రుచి తెలుస్తోంది, నచ్చుతోంది కూడా. లేనిదల్లా... లేచి వెళ్లి అందుకోవాలన్న తపన.

ఇది మనింట్లో రోజూ జరిగేదే. సీరియల్‌ చూస్తూ మిక్చర్‌ ప్యాకెట్‌ ఖాళీ చేస్తాం. చివరి గుప్పెడు నిజంగా రుచిగా ఉందా అని అడిగితే జవాబు చెప్పలేం. అయినా చెయ్యి ఆగదు. ఇష్టానికీ, కావాలనిపించడానికీ మెదడులో దారులు వేరు. రెండోది మొదటిదాన్ని దాటేసినప్పుడు మనకు పడే బిరుదు ‘తిండిపోతు’.

కొవ్వు పంపే ఉత్తరం

అమెరికాలోని మెయిన్‌ రాష్ట్రంలో జాక్సన్‌ లేబొరేటరీ అని ఉంది. అక్కడ పుట్టుకతోనే విపరీతమైన ఆకలితో, బంతుల్లా లావెక్కే రెండు జాతుల ఎలుకలు ఉండేవి. డగ్లస్‌ కోల్‌మన్‌ అనే శాస్త్రవేత్త ఓ లావు ఎలుకనూ, ఓ మామూలు ఎలుకనూ కవలల్లా అతికించి, ఒకదాని రక్తం ఇంకోదానికి అందేలా చేశాడు. మొదటి జాతి ఎలుక తిండి తగ్గించి సన్నబడింది. రెండో జాతి ఎలుకతో కలిపితే మాత్రం, పక్కనున్న మామూలు ఎలుక తిండి మానేసి చనిపోయింది!

కోల్‌మన్‌ చిక్కుముడి ఇలా విప్పాడు. రక్తంలో ‘ఇక చాలు’ అనే కబురు ఏదో తిరుగుతోంది. మొదటి జాతికి ఆ కబురు పంపడం చేతకాదు. రెండో జాతి కబురు పంపుతుంది గానీ, అందుకోవడం చేతకాదు. 1973 నాటికే ఆయన చెప్పిన ఈ మాటను చాలామంది నమ్మలేదు. స్థూలకాయమంటే అలవాట్ల జబ్బేనన్న అభిప్రాయం అంత గట్టిగా ఉండేది మరి.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్‌ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌ బృందం ఆ కబురేమిటో పట్టుకుంది. అదే లెప్టిన్‌. దాన్ని తయారుచేసేది మరెవరో కాదు, మనం తిట్టుకునే కొవ్వు కణాలే! ‘నిల్వలు బాగానే ఉన్నాయి, కంగారుపడకు’ అంటూ అవి హైపోథాలమస్‌కు పంపే ఉత్తరం అది. 2010లో కోల్‌మన్‌, ఫ్రీడ్‌మన్‌లకు కలిపి ప్రతిష్ఠాత్మక లాస్కర్‌ అవార్డు ఇచ్చారు.

ఎలుకల సంగతి సరే, మనుషుల్లో? 1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌ శాస్త్రవేత్తలు స్టీఫెన్‌ ఒరాహిలీ, సదాఫ్‌ ఫారూఖీ బృందం దగ్గరకు పాకిస్థాన్‌ మూలాలున్న కుటుంబానికి చెందిన ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకరికొకరు దగ్గర చుట్టాలు. ఎనిమిదేళ్ల పాప బరువు 86 కిలోలు. రెండేళ్ల బాబు 29 కిలోలు. పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నారు. కొద్ది నెలలకే మొదలైంది ఆకలి... ఎంత పెట్టినా తీరని ఆకలి. పరీక్ష చేస్తే వాళ్ల రక్తంలో లెప్టిన్‌ దాదాపు లేనేలేదు.

ఆ పాపకు రోజూ లెప్టిన్‌ ఇంజెక్షన్‌ ఇవ్వడం మొదలుపెట్టారు. ఏడాదిలో 16 కిలోలకు పైగా తగ్గింది. ఎవరూ నోరు కట్టేయలేదు. మెదడుకు అందాల్సిన ఉత్తరం అందింది, అంతే. 2007లో ఇదే బృందం లెప్టిన్‌ లేని ఇద్దరు యువ రోగులకు ఆహార పదార్థాల బొమ్మలు చూపిస్తూ మెదడు స్కానింగ్‌ చేసింది. చికిత్సకు ముందు, కడుపు నిండా తిన్నాక కూడా దాదాపు ప్రతి బొమ్మా వాళ్లకి నోరూరించింది. ఏడు రోజుల మందు తర్వాత ఆ ఆరాటం ఆకలేసినప్పుడు మాత్రమే కనిపించింది. వారంలో మారింది వాళ్ల వ్యక్తిత్వం కాదు, రసాయనం.

ఇది చాలా అరుదైన లోపం. లావుగా ఉన్న చాలామందిలో లెప్టిన్‌కు కొదవ ఉండదు, పైగా ఎక్కువే ఉంటుంది. మెదడే దాన్ని సరిగా పట్టించుకోదు. అందుకే లెప్టిన్‌ అందరికీ మందు కాలేకపోయింది. అయితే అరుదు కానివారిలోనూ పుట్టుకతో వచ్చే వాటా తక్కువేం కాదు. 1986లో డెన్మార్క్‌లో దత్తు వెళ్లిన 540 మందిని పరిశీలిస్తే, వాళ్ల లావూసన్నం కన్నవాళ్లతో కలిసింది తప్ప పెంచినవాళ్లతో కాదు.

కడుపు మాడితే మనిషే మారిపోతాడు

ఆకలి మనసును ఎంతగా మార్చేస్తుందో చూపించిన ప్రయోగం మరోటి ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్‌ కీస్‌ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు 24 వారాలపాటు అర్ధాకలి భోజనం పెట్టాడు. యుద్ధంలో చిక్కిశల్యమైన ప్రజలకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి, వాళ్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లే. శరీర బరువులో దాదాపు పాతిక శాతం కోల్పోయారు.

చిత్రమేమిటంటే, చదువుకున్న ఆ కుర్రాళ్లు వంటల పుస్తకాలు పోగేసుకోవడం మొదలుపెట్టారు. పళ్లేలు నాకారు. స్నేహితులు, సరదాలు అన్నీ పక్కకుపోయి, రోజంతా తిండి గురించే ఆలోచన. చిరాకు, దిగులు. ప్రయోగం ముగిశాక ఎంత తిన్నా తృప్తి లేదని చెప్పినవాళ్లూ ఉన్నారు. కఠినమైన డైటింగ్‌ చేసి వదిలేసినవాళ్లకి ఇదంతా తెలిసిన కథే. కొవ్వు తగ్గగానే లెప్టిన్‌ తగ్గుతుంది. మెదడు దాన్ని కరవుగా లెక్కేసి ఆకలిని ఎగదోస్తుంది. వేల ఏళ్లు కరవుల్లో మనిషిని బతికించిన ఏర్పాటు అది. ఫ్రిజ్‌ వచ్చిన సంగతి దానికి ఇంకా తెలియదు!

మరి మన చేతిలో ఏముంది?

అన్నీ మెదడే చేస్తోందని చేతులెత్తేయాల్సిన పనిలేదు. ఆ మెదడుకు అందే కబుర్లు కొన్ని మన ఇంట్లోంచే వెళ్తాయి.

నిద్ర: 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. లెప్టిన్‌ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్‌ 28 శాతం పెరిగింది. వాళ్లు చెప్పిన ఆకలి కూడా 24 శాతం ఎక్కువే. పరీక్షల కోసం రాత్రుళ్లు మేలుకునే పిల్లలు తెల్లారి చిప్స్‌ కోసం ఎందుకు వెతుకుతారో ఆలోచించండి.

ప్యాకెట్‌ తిండి: 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్‌ హాల్‌ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా శుద్ధిచేసి తయారుచేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం పెట్టింది. వడ్డించిన వాటిలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానమే. కావలసినంత తినొచ్చు. ప్యాకెట్‌ రకం తిన్న రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. అదే మనుషులు, అదే మనోబలం... మారింది కంచం.

ధ్యాస: 1998లో పాల్‌ రోజిన్‌ బృందం, జరిగింది నిమిషాల్లో మరిచిపోయే జబ్బున్న ఇద్దరిని పరిశీలించింది. భోజనం చేసిన పది నుంచి ముప్పై నిమిషాలకు మళ్లీ వడ్డిస్తే వాళ్లు మళ్లీ తిన్నారు! తిన్నానన్న జ్ఞాపకానికీ ఆకలిలో వాటా ఉంది. టీవీ, సెల్‌ఫోన్‌ చూస్తూ తింటే మనం పోగొట్టుకునేది ఆ జ్ఞాపకాన్నే.

మందులు: 2025లో మన దేశంలోకి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు పనిచేసేదీ చాలావరకు మెదడు మీదే. పేగులు పంపే తృప్తి సంకేతాన్ని అవి అనుకరిస్తాయి. ‘తలలో తిండి గోల ఆగిపోయింది’ అని వాడినవాళ్లు చెబుతుంటారు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గిందని 2021 నాటి పరిశోధన చెప్పింది. మందు ఆపేశాక ఏడాదిలో, తగ్గిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని దాని తరువాయి భాగం తేల్చింది. వికారం, వాంతుల్లాంటి ఇబ్బందులూ ఉంటాయి. కాబట్టి పక్కింటివాళ్లు వాడారని కాదు, డాక్టర్‌ చెబితేనే వాడాలి.

ఒక హెచ్చరిక. పసితనం నుంచే తీరని ఆకలి, పుట్టినప్పుడు నీరసంగా ఉండి తర్వాత అదుపులేకుండా తినడం, ఉన్నట్టుండి ఆకలి పూర్తిగా పోవడం లేదా విపరీతంగా పెరగడం... ఇవి గారాబమో, మొండితనమో కాకపోవచ్చు. పిల్లల డాక్టర్‌కో, హార్మోన్ల నిపుణులకో చూపించాల్సిన లక్షణాలు.

ఆకలి రుచి ఎరగదని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. ఉపన్యాసాలు కూడా ఎరగదని సైన్సు అంటోంది. బొద్దుగా ఉన్న పిల్లాడు రెండో లడ్డూ కోసం చెయ్యి చాపితే పదిమందిలో ‘ఒళ్లు చూసుకో’ అనడం వల్ల వాడి హైపోథాలమస్‌ మారదు, మనసు మాత్రం విరుగుతుంది. ఆ మాట మానేసి వాడిని వేళకు పడుకోబెట్టొచ్చు. ఇంట్లోకి ప్యాకెట్లు తగ్గించొచ్చు. టీవీ కట్టేసి, అందరూ కలిసి కూర్చుని తినొచ్చు. ఇవి చేయగలిగేది పెద్దవాళ్లే... పిల్లాడు కాదు.